కట్ చేస్తే పన్నెండేళ్ళు

గత సోమవారం ఉదయం ఆరు గంటలకు నా నవలలో పదకొండవ అధ్యాయం మొదటి వాక్యం రాశాను. ఏడు గంటలకు దాన్ని కొట్టేశాను. మధ్యాహ్నం భోజనానికి లేచే వేళకు బల్ల మీద నాలుగు కాగితాలు పోగయ్యాయి. నాలుగింటి మీదా అదే వాన, అదే వసారా, అదే లాంతరు. ఒకదానిలో వాన ముందు మొదలైంది, మరొకదానిలో లాంతరు ముందు వెలిగింది. అంతకు మించిన తేడా రాసిన నాకే కనిపించలేదు. "ఏరా, పొద్దుటి నుంచీ అదే కాగితమా?" అని అమ్మ అడిగితే, కాదు ఇది నాలుగోదని చెప్పడానికి మొహం చెల్లలేదు.

చిక్కు ఎక్కడుందో ముందు చెప్పాలి. ఈ నవల తెనాలి దగ్గరి ఒక పల్లెలో నడుస్తుంది. పదో అధ్యాయం 1948లో ముగుస్తుంది, పన్నెండోది 1960లో మొదలవుతుంది. నడిమి పన్నెండేళ్ళలో, అన్నగారి ఇంట్లో ఉంటున్న రాజ్యం అనే బాలవితంతువు జీవితంలో చెప్పుకోదగినది ఏదీ జరగదు. జరగకపోవడమే ఆ అధ్యాయంలోని కథ. ఆ సంగతి నాకు ఏడాది కిందటే తెలుసు, నోటు పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. అయినా కలం పట్టుకోగానే వాన కురుస్తోంది. ఏమీ జరగడం లేదని చెప్పడానికి ధైర్యం చాలనివాడే వానను పిలుస్తాడని ఆ సాయంత్రానికి అర్థమైంది కాని, అర్థమైనంత మాత్రాన అధ్యాయం కదలలేదు.

రాయడం సాగనప్పుడు నేను చేసే పనులు రెండే: చదవడం, సినిమాలు చూడడం. రెండింటినీ 'పరిశోధన' అని పిలుచుకుంటాను. ఇంట్లో ఎవరూ నమ్మరు.

మంగళవారమంతా నవీన్ 'అంపశయ్య'తో గడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రవి అనే విద్యార్థి ఒక రోజు గడిపిన 16 గంటలే ఆ నవల. పుస్తకంగా వచ్చింది 1969లో. పాతికేళ్ళ కిందట చదివినప్పుడు రవి నాకు స్నేహితుడిలా అనిపించాడు, ఇప్పుడు మా అబ్బాయిలా అనిపిస్తున్నాడు. అది వేరే బాధ. నేను గమనించదలచుకున్నది మాత్రం కాలం సంగతి. ఒక్క రోజు మీద ఒక నవల మొత్తాన్ని ఖర్చు పెట్టగల ప్రక్రియే, మరో చోట 'వేయిపడగలు'లో ఒక ఊరి ప్రాభవం తలెత్తి, వాడి, రాలిపోయేదాకా ఓపికగా నడుస్తుంది. విశ్వనాథవారు ఆ నవలను 29 రోజుల్లో ఆశువుగా చెప్పి తమ్ముడి చేత రాయించారట. నాకు పేజీన్నర మీద రెండు రోజులు గడిచాయి. ఆ 'ట' దగ్గరకు మళ్ళీ వస్తాను.

గురువారం కృష్ణానగర్‌లో ఉండే ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. సినిమాలకు కథలు రాస్తాడు. పేరు తెర మీద ఎప్పుడు పడుతుందా అని పదేళ్ళుగా ఎదురు చూస్తున్నాడు. నా గొడవ విని నవ్వి, "ఏముంది గురూ, కట్ చేస్తే పన్నెండేళ్ళ తరువాత అని వేసెయ్, అయిపోతుంది" అన్నాడు. వాళ్ళు దర్శకుడికి కథ చెప్పే పద్ధతి తెలిసినదే: 'ఓపెన్ చేస్తే' అని మొదలుపెడతారు, 'కట్ చేస్తే' అని దూకుతారు. తెర మీద కనిపించేదీ వినిపించేదీ తప్ప మరేదీ నోట రాకూడదు. ఆ పనికి ఆ క్రమశిక్షణ అవసరం, దాని పట్ల నాకు గౌరవమే. మన పాత సినిమాలు పన్నెండేళ్ళను ఎంత చలాకీగా దాటించేవో కూడా మరిచిపోలేదు: క్యాలెండర్ కాగితాలు ఎగిరిపోయేవి, తల్లి తొక్కే కుట్టుమిషను చక్రం గిర్రున తిరిగి ఆగేసరికి కొడుకు కాలేజీ నుంచి వచ్చేవాడు, పరుగెత్తుతున్న పసివాడి కాళ్ళు పరుగు ఆపకుండానే హీరో కాళ్ళయ్యేవి. కొడుకుకు మీసం వస్తుంది. తల్లికి చెంపల దగ్గర కాస్త తెల్ల రంగు పూస్తారు. నడుమ ఆమె ఏం తిన్నదో, ఎవరితో మాట్లాడిందో, ఎన్నిసార్లు మిషను ఆపి కిటికీలోంచి చూసిందో ఎవరూ అడగరు.

ఫోన్ పెట్టేశాక తోచింది, నేనూ ఆ భాషలోనే రాస్తున్నానని. నేనే కాదు, నా తరం తెలుగు నవలాకారుల్లో చాలామందిమి ఓపెన్ చేస్తున్నాం, కట్ చేస్తున్నాం. ఇటీవలి మన నవల ఏదైనా తీసి ఒక అధ్యాయం చదివి చూడండి: ఎవరో తలుపు తోస్తారు, ఎవరో కాఫీ కలుపుతారు, నాలుగు మాటలు జరుగుతాయి, ఒకరు లేచి వెళ్ళిపోతారు, మూడు చుక్కలు, తరువాతి సీను. చదవడానికి హాయిగానే ఉంటుంది. 'చెప్పకు, చూపించు' అనే సూత్రాన్ని కథల శిబిరాల్లో కొత్తవారికి మొదటి రోజే నేర్పుతున్నాం, నేనూ నేర్పాను. అయితే ఆ సూత్రాన్ని చివరిదాకా పాటిస్తే మిగిలేది కెమెరా లేని సినిమా. దానికి నటులు ఉండరు, సంగీతం ఉండదు, వెలుతురు ఉండదు. ఓడిపోతామని ముందే తెలిసిన పందెంలోకి నవలను ఎందుకు దింపుతున్నామో నాకు అంతుబట్టదు.

కెమెరాకు లేనిది మన భాషలో ఒకటుంది, అది క్రియాపదం చివర ఉంది. 'ఆమె వసారాలో కూర్చుంది' అంటే ఒక సాయంత్రం. 'ఆమె వసారాలో కూర్చునేది' అంటే ఎన్ని సాయంత్రాలో లెక్కలేదు. ఈ తేడా తెలుగు పుట్టుకతో వచ్చినవారికి ఎంత సహజమంటే, ఉందన్న సంగతే గుర్తుండదు. అలవాటును చెప్పే క్రియకు విడిగా ఒక గది ఉండాలన్న ఎరుక మన వ్యాకర్తలకు ఉండేది; చిన్నయ సూరి బాలవ్యాకరణంలో భూత భవిష్యద్వర్తమానాల పక్కనే తద్ధర్మం కూడా కూర్చుని ఉంటుంది. ఆయన చెప్పిన రూపం వేరు, నేటి 'కూర్చునేది' వేరు. గది మాత్రం అదే. ఆ గదిలోకి కెమెరాను తీసుకువెళ్ళలేం. కెమెరా ముందు కూర్చున్న మనిషి ఒకే సాయంత్రం, ఒకే చీర కట్టుకుని, ఒకే గోడకు ఆనుకుని కూర్చుంటుంది. 'రోజూ' అనే మాటను ఫొటో తీయలేం.

ఇలా అనుకుని, గెలిచినట్టు సంబరపడి, బుధవారం రాత్రి సగం చూసి ఆపిన 'చారులత'ను గురువారం రాత్రి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాను. నా వాదం అక్కడ కాస్త దెబ్బ తిన్నది. 1901లో రవీంద్రనాథ్ ఠాకూర్ రాసిన 'నష్టనీడ్' ఆధారంగా సత్యజిత్ రాయ్ 1964లో తీసిన సినిమా అది. మొదట్లో కొన్ని నిమిషాల పాటు దాదాపు మాటలే ఉండవు. చారు రుమాలు మీద అక్షరం కుడుతూ ఉంటుంది. గడియారం గంటలు కొడుతుంది, భర్తకు టీ పట్టుకెళ్ళమని నౌకరుకు చెబుతుంది. బీరువాలోంచి ఒక పుస్తకం తీస్తుంది. వీధిలో ఏదో అలికిడి వినబడితే, చిన్న దుర్భిణి తెచ్చుకుని, కిటికీ తలుపు రెక్కలు ఎత్తి, గొడుగు వేసుకుని పోతున్న ఒక లావుపాటి పెద్దమనిషిని ఒక కిటికీ నుంచి మరో కిటికీకి పరుగెత్తి మరీ చూస్తుంది. కాసేపటికి భర్త చదువుకుంటూ ఆమె పక్కగానే నడిచిపోతాడు, చూడడు. అప్పుడామె ఆయన వీపును కూడా అదే దుర్భిణితో చూస్తుంది.

అది ఒకే మధ్యాహ్నం. అయినా అన్ని మధ్యాహ్నాలూ ఇంతేనని మనకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఎలా తెలుస్తున్నదో పట్టుకుందామని మూడుసార్లు చూశాను. ఆమె చేతుల్లో ఉంది కిటుకు. ఏ కిటికీ రెక్క ఎంత ఎత్తితే వీధి కనిపిస్తుందో ఆ చేతులకు చూడకుండానే తెలుసు. మొదటిసారి చేసే పనికీ వెయ్యోసారి చేసే పనికీ చేతిలో తేడా ఉంటుంది. రాయ్ ఆ తేడాను పట్టుకున్నాడు. 'చూసేది' అనే క్రియను ఆయన నటి మణికట్టులో పెట్టాడు. కాబట్టి కెమెరాకు చేతకాదని అనడం మానుకున్నాను. ఒక మధ్యాహ్నాన్ని వెయ్యి మధ్యాహ్నాలకు బదులుగా నిలబెట్టాలంటే సినిమాకు రాయ్ కావాలి; నా బోటి సామాన్యుడికి భాషే ఆ పని చేసి పెడుతుంది. చేసి పెడతానన్న సాయాన్ని కాదని నేను వాన వెంటపడుతున్నాను.

శుక్రవారం ఉదయం, ఇక తెలిసింది కదా అన్న ధీమాతో, సీన్లన్నీ పక్కన పెట్టి అలవాటు క్రియల్లోనే ఒక పేజీ రాశాను. తెల్లవారుజామున ఆమె లేచేది, పొయ్యి వెలిగించేది, చేటలో బియ్యం ఏరేది. కలం పరుగెత్తింది. రెండు గంటల్లో పన్నెండేళ్ళు అయిపోయాయి. ఎంతో బాగుందనిపించి, అలాంటి ఘనకార్యం పూర్వం ఎవరు చేశారో చూసుకుని మురిసిపోదామని ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' తీశాను.

తీయకుండా ఉండవలసింది. ఘీసూ, మాధవ్ అనే తండ్రీకొడుకులు గుడిసె ముందు మంట దగ్గర కూర్చుని, దొంగిలించిన ఆలుగడ్డలు కాల్చుకు తింటుంటారు. లోపల మాధవ్ భార్య బుధియా పురిటి నొప్పులతో చచ్చిపోతూ ఉంటుంది. నువ్వు వెళ్ళి చూడమంటే నువ్వు వెళ్ళి చూడమని ఇద్దరూ కదలరు, లేచి వెళితే తండ్రి ఆలుగడ్డలు ఎక్కువ తినేస్తాడని మాధవ్ భయం. ఈ ఇద్దరి జీవితాన్నీ ప్రేమ్‌చంద్ చిన్న పేరాలో తేల్చేస్తాడు: తండ్రి ఒక రోజు పనిచేస్తే మూడు రోజులు విశ్రాంతి తీసుకునేవాడు, కొడుకు అరగంట పనిచేస్తే గంట సేపు చిలుము పీల్చేవాడు. అచ్చంగా అలవాటు క్రియలు, అచ్చంగా నేను వెతుకుతున్న పనితనం. అయితే ఈసారి చదివినప్పుడు నా కళ్ళు ఆ పేరా మీద నిలవలేదు. బుధియా మీద నిలిచాయి. ఏడాది కిందట ఆ ఇంటికి వచ్చి, ఆ ఇద్దరి కడుపులూ నింపి, ఇంటికి ఒక తీరు తెచ్చిన మనిషి ఆమె. ఆ ఏడాదంతా రెండు మూడు వాక్యాల్లో ముగిసిపోతుంది. కథలో ఆమె బతికి ఉన్నంతసేపూ మూలుగు వినిపిస్తుంది, మొహం కనిపించదు.

ఇదే కథతో మృణాల్ సేన్ 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. తెలుగు రాని బెంగాలీ దర్శకుడు, హిందీ ఉర్దూల్లో రాసిన రచయిత కథ, మన పల్లె. మధ్యాహ్నం అది చూశాను. అందులో ఆమె పేరు నీలమ్మ. మమతా శంకర్ వేసింది. సినిమాకు 'చేసేది' అన్న క్రియ లేదు కాబట్టి నీలమ్మ ఏం చేసేదో చెప్పి దాటుకుపోవడానికి వీలు లేదు. ఆమె ఆ ఇంట్లోకి నడిచి రావాలి, పని చేస్తూ కనిపించాలి, మామతో తలపడాలి, అలిసిపోవాలి. ప్రేమ్‌చంద్ రెండు మూడు వాక్యాల్లో దాటిన ఏడాదిని మృణాల్ సేన్ దాటలేకపోయాడు, దాటలేకపోవడం వల్లనే ఆమెకు న్యాయం జరిగింది. కథ గొప్పదా సినిమా గొప్పదా అన్నది నా ప్రశ్న కాదు. మొహం చూపించకపోవడం ప్రేమ్‌చంద్ తెలిసి చేసిన పనే కావచ్చు, ఆ ఇద్దరి దృష్టిలో ఆమె అంతే కదా. నాకు గుచ్చుకున్నది నా శుక్రవారం పేజీ. పన్నెండేళ్ళను రెండు గంటల్లో దాటేసినప్పుడు నాకు కలిగిన ఆ హాయి ఎక్కడిది? రాజ్యం వైపు చూడనక్కరలేకుండా పోయిన హాయి కాదు కదా?

ఆ పేజీని మళ్ళీ తీసి, ఈసారి క్రియలను మాత్రమే చదువుకుంటూ వెళ్ళాను. 'దీపం వెలిగేది. గడియారం కొట్టేది. గేదె అరిచేది. రాజ్యం కూర్చునేది.' అన్నీ ఒకటే తోక. తెలుగులో ఏకవచనంలో మగవాడికి 'వాడు' ఉంది; ఆడమనిషికీ గేదెకూ గడియారానికీ కలిపి 'ది' ఒక్కటే ఉంది. ఇది అందరికీ తెలిసిన వ్యాకరణమే. కాని అదే పేజీలో ఆమె అన్నగారు 'వచ్చేవారు', 'భోంచేసేవారు', 'పడుకునేవారు'. ఆ ఇంట్లో మర్యాద ఎవరికి దక్కేదో నేను చెప్పకుండానే నా క్రియలు చెప్పేశాయి. అనుకోకుండా నేనూ ఆ ఇంటివాళ్ళలో ఒకడినైపోయాను. ఇంకొక సంగతి కూడా ఉంది. 'ఏరేది' అంటే ఒకప్పుడు రోజూ ఏరిందని ఒక అర్థం, ఏరే మనిషి అని మరొక అర్థం. పని చివరకు మనిషికి పేరైపోతుంది. వండేది, వడ్డించేది, ఊడ్చేది. రాజ్యం అన్న పేరు ఆ పేజీలో మొదటి వాక్యంలో వచ్చి, తరువాత ఎక్కడా రాలేదు.

కాబట్టి సోమవారం నాటి వాన తప్పు, శుక్రవారం నాటి పరుగూ తప్పే. ఒకటి జరగని దాన్ని జరిగినట్టు నటించింది, రెండోది జరగలేదన్న సాకుతో మనిషినే దాటేసింది. నవలకు అలవాటు క్రియ కావాలన్న మాట మీద నేను ఇంకా నిలబడే ఉన్నాను. అయితే అది చూపును తప్పించుకునే దారి కాకూడదు. అలవాటును రాయాలంటే దాన్ని సీను కంటే దగ్గరగా చూసి ఉండాలి. రాయ్ ఆ మణికట్టును చూసినట్టు.

మరి రాజ్యం చేతులు నేను చూశానా? చూశాను, కాస్త. ఆమె మా తాతగారి చెల్లెలు, నవల కోసం పేరు మార్చాను. నా చిన్నప్పటికి ముసలిదైపోయింది. చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యం ఏరుతూ, మట్టిగడ్డలను ఒక పక్కకు నెట్టేది కాని, వడ్లగింజ దొరికితే పారేసేది కాదు. గోటితో పొట్టు ఒలిచి, బియ్యపు గింజను మళ్ళీ చేటలో వేసి, ఆ పొట్టును కొంగు చివర ముడిలో దాచేది. సాయంత్రానికి ముడి విప్పి పెరట్లో దులిపేది. ఒక్కొక్క గింజకూ అంత శ్రద్ధ ఎందుకో అప్పుడు అడగాలని తోచలేదు. సోమవారం నాలుగు కాగితాల మీద వాన కురిపించినవాడికి ఈ కొంగుముడి గుర్తే రాలేదు.

శనివారం అమ్మను అడిగాను, ఆవిడ గురించి ఇంకేమైనా గుర్తుందా అని. అమ్మ కాపురానికి వచ్చింది 1966లో. అంతకు ముందు సంగతులు తనకు తెలిసినవన్నీ అత్తగారి నోట విన్నవే.

"ఏముంటుందిరా, ఎప్పుడూ ఆ వంటింట్లోనే ఉండేది" అంది. కాసేపాగి, "ఒకసారి మాత్రం తెనాలి వెళ్ళి మాయాబజారు చూసొచ్చిందట. ఒక్కతే. మీ నాయనమ్మ చెప్పేది" అంది.

"ఎవరికీ చెప్పకుండానా? ఎలా తెలిసింది మరి?"

"కొంగుముడిలో టిక్కెట్టు ముక్క దొరికిందట, చీర ఉతకడానికి వేస్తే."

"తాతయ్య ఏమన్నారట?"

"రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు పులుసు బాగుందన్నారట. వండేది ఆవిడే కదా, ఎన్నాళ్ళు బిగుసుకుని కూర్చుంటారు?"

ఆ సినిమా వచ్చింది 1957లో, సరిగ్గా నా పదకొండో అధ్యాయం నడిచే ఆ పన్నెండేళ్ళలోనే. అన్నగారి ఇంట్లో తెల్ల చీర కట్టుకుని బతికే ఒక ఆడమనిషి, పొలం గట్ల మీదుగా నడిచి రోడ్డెక్కి, బస్సు పట్టుకుని, టిక్కెట్టు కొనుక్కుని, పెళ్ళి సందడితో నిండిన ఆ కథను మూడు గంటల పాటు చీకట్లో కూర్చుని చూసింది. డబ్బు ఎక్కడిది? ఇంటికి ఏ వేళకు తిరిగి వచ్చింది? నా స్నేహితుడికి చెబితే 'ఓపెన్ చేస్తే టిక్కెట్టు కౌంటర్' అని ఎగిరి గంతేస్తాడు. అందుకే చెప్పలేదు.

ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాల దగ్గరకు వెళ్ళకుండా కాళ్ళను ఆపుకున్నాను. వారం మొత్తంలో నేను చేసిన వీరోచిత కార్యం అదొక్కటే. పొద్దున్నుంచీ రాస్తే అరపేజీ వచ్చింది. మొదటి పదకొండు వాక్యాలూ అలవాటు క్రియలే, చేట, వడ్లగింజ, గోరు, కొంగుముడి. ప్రతి రెండో వాక్యంలోనూ ఆమె పేరు ఉంది, తాతగారికి ఒక్క 'వారు' తగ్గించాను. పన్నెండో వాక్యం 'ఒకనాడు' అని మొదలవుతుంది.

ఆ వాక్యం చివర ఆగిపోయాను. 'తెనాలి వెళ్ళింది' అని రాస్తే, ఆ రోడ్డు మీద ఆమె వెనుక నడిచినవాడిలా మాట్లాడుతున్నాను. నేను అక్కడ లేను, అమ్మా లేదు, చెప్పిన నాయనమ్మా లేదు. ఉన్నది ఒక టిక్కెట్టు ముక్క. కొట్టేసి 'వెళ్ళిందట' అని రాశాను. అప్పుడు, ఆమె తనకోసం దాచుకున్న ఆ ఒక్క మధ్యాహ్నాన్నీ మళ్ళీ తీసుకువెళ్ళి ఇంటివాళ్ళ నోట్లోనే పెట్టినట్టయింది. దాన్నీ కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో 'వెళ్ళింది' అని మళ్ళీ రాశాను. కాగితం ఇంకా అలాగే ఉంది, ఒక కొట్టివేత పక్కన ఇంకొకటి, దాని మీద ఈ మాట. లోపలి నుంచి అమ్మ అన్నానికి పిలుస్తోంది.